ఇద్దరు మనుషుల రేకుల గది

మొన్న శుక్రవారం ఒక్క మాట అన్న. ఒక్కటే మాట! ఆ మాట అనకుంట నోరు మూసుకోని ఉంటే, ఈ పాటికి నా పక్క గదిల ఒక మనిషి గురక పెట్టుకుంట పండుకుంటుండె. ఏం చేస్తం, నా నోటికి నేనంటే భయం లేదు. చాయ పోసుకోని కూసోర్రి, మొదటి నుంచి చెప్త.

నేనుండేది సౌదీల, హఫర్ అల్ బాతిన్ ఊరవతల ఒక తోటల. మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు సేఠు, అబూ నాసర్‌ది. చుట్టూ గోడ, నాలుగు వరుసల ఖర్జూర చెట్లు, పది మేకలు, కఫీల్ కుటుంబం వస్తే కూసునేటందుకు ఒక పెద్ద హాలు. వాళ్ళు శుక్రవారం వస్తరు, పోతరు. మిగిలిన ఆరు రోజులు నేను, మేకలు. ఇదివరకు ఒక బంగ్లాదేశాయన తోడుండె. దేశం పోయి వాపస్ రాలే. అప్పటి సంది మేకలతోని తెలుగుల మాట్లాడుతున్న. అవి మంచిగనే వింటయి గాని, ఒక్కటి గూడ "అవునా? అయినంక ఏమైంది?" అని అడగది.

అడిగేటోడు ఒక్కడున్నడు, ఫోన్ల. సాయిలు. నిజామాబాద్ దిక్కోడు. ఖఫ్జీ అనే ఊర్ల మా కఫీల్ తమ్ముని దగ్గర పని. ఒకనాడు నీళ్ళ మోటార్ ఎట్ల బిగియ్యాల్నో అడుగుమని కఫీల్ ఫోన్ కలిపి ఇచ్చిండు. నేను వచ్చీరాని హిందీల మొదలువెట్టిన. వాడు వచ్చీరాని హిందీల జవాబిచ్చిండు. పది నిమిషాల తర్వాత వైరు చేతికి తగిలి "ఓర్నీ!" అన్న. అటు దిక్కు నుంచి "అన్నా, నువ్వు మనోడివా?" అన్నడు. మోటార్ కాలిపోయింది గాని దోస్తాని నిలవడ్డది. రెండేండ్లాయె, రోజూ మాట్లాడుకుంటం. ఎదురుబదురు ఒక్కసారి గూడ చూసుకోలే. వాడు ఏ పూట ఏం కూర వండిండో వాని పెండ్లాం కంటె ముందు నాకే తెలుస్తది.

ఈ మధ్య ఆ తమ్ముడు ఖఫ్జీల మేకలన్నీ అమ్మేసిండు. సాయిలుకు అక్కడ పని లేదు. వస్తే మా తోటకు రావాలె, లేకుంటే అభాల ఏదో బిల్డింగుకు వాచ్‌మన్‌గ పోవాలె. అభా అంటే దేశానికి ఆ చివర. నేను కఫీల్ ఎంబడి పడ్డ. "బాబా, పని ఎక్కువున్నది, ఒక్కనితోని అయితలేదు, సాయిలును పిలువు" అని.

అబూ నాసర్ గడ్డం గోక్కున్నడు. "వాడు ఏడ పండుకోవాలె? నీ పక్క గది నిండ పైపులు, పారలు, దాణ సంచులు. అవన్నీ పెట్టేటందుకు తోటల ఒక రేకుల గది నిలవెట్టు. శుక్రవారం వరకు అది లేస్తే, వాన్ని పిలుస్త."

అని ఫోన్ నా చేతుల పెట్టి, ఏది కావాల్నో నువ్వే చూడుమన్నడు. నా జన్మల ఫోన్ల ఇల్లు కొన్నది అదే మొదలు. బొమ్మల గది ఆకుపచ్చగ మెరుస్తున్నది. ముంగట పూల కుండీలు, ఒక తెల్లామె నవ్వుకుంట నిలవడ్డది. అన్నిట్లకు పెద్దది చూసి వేలు పెట్టిన.

మంగళవారం పొద్దుగాల వస్తదన్నరు. గది కదా, క్రేన్ మీద వస్తదని నేను ఫజర్ అజాన్‌కే లేసిన. దారికి అడ్డమని బట్టల తీగె విప్పిన. నాలుగు ఖర్జూర మట్టలు నరికిన. గేటు రెండు రెక్కలు బార్లా తీసి, మేకల్ని కట్టేసి, రోడ్డు మీద నిలవడ్డ. చిన్న పికప్ ఒకటొచ్చింది. డ్రైవర్ రెండు అట్టపెట్టెలు దించి, సంతకం పెట్టుమన్నడు.

"గదేడ భాయ్?"

"యహీ హై."

ఆ పెట్టెల మనిషి పండుకుంటే కాళ్ళు బయటికొస్తయి. గది అండ్ల ఎట్లుంటది? ఇప్పి చూస్తే రేకులు, పట్టీలు, సంచుల కొద్ది నట్లు, బోల్టులు, ఒక కాయితం. కాయితం మీద ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. మొదటి బొమ్మల ఒక్క మనిషి, ఏడుపు మొఖం పెట్టుకోని పెట్టె పక్కన నిలవడ్డడు. ఆయన మీద పెద్ద ఇంటూ గీత. దాని పక్క బొమ్మల ఇద్దరు మనుషులు, నవ్వు మొఖాలు.

సౌదీకొచ్చి ఇన్నేండ్లాయె, నా గురించి ఇంత సక్కగ ఎవ్వలు గీయలే!

తమాషా చూడుర్రి. ఈ గది కట్టాలంటే ఇంకో మనిషి కావాలె. ఇంకో మనిషి రావాలంటే ఈ గది కట్టాలె. సాయిలుకు వీడియో కాల్ చేసిన.

"నేనున్న గదా అన్నా!" అన్నడు. "ఫోన్ నన్ను చూసేటట్టు పెట్టు. నేను చెప్త, నువ్వు చెయ్."

బకెట్ బోర్లేసి దాని మీద ఫోన్ నిలవెట్టిన. ఒక రేకు లేపుతె ఇంకోటి పడుతున్నది. అది లేపవోతె ఇది నా నెత్తి మీద పడుతున్నది.

"అన్నా, ఎడమ చేత్తోని రేకు పట్టుకో. కుడి చేత్తోని బోల్టు పెట్టు. ఇంకో చేత్తోని లోపల్నుంచి నట్టు తిప్పు."

"ఇంకో చెయ్యేడున్నదిరా?"

"ఆగు... ఆలోచిస్త."

ఆలోచించి, ఒక రేకును తాడుతోని ఖర్జూర చెట్టుకు కట్టుమన్నడు. ఇంకోదానికి దాణ సంచులు ఆనించుమన్నడు. దాణ వాసనకు మేకలు తాళ్ళు తెంపుకోని వచ్చినయి. ఒకటి సంచి బుక్కుతుంటే రేకు నా వీపు మీద, నేను మేక మీద. ఫోన్ల సాయిలు నవ్వుడే నవ్వుడు. నాకు గూడ నవ్వొచ్చింది. ఆ తోటల ఇద్దరు మనుషుల నవ్వు వినవడి ఎన్ని రోజులాయెనో!

మంగళ, బుధ పోయినయి. గురువారం పొద్దు వాలేటప్పటి అసర్ అజాన్ వరకు నాలుగు గోడలు లేసినయి, తలుపెక్కింది. కప్పొక్కటే బాకి. లోపలి నట్లు గట్టిగ చేద్దామని లోపలికి పోయిన. అప్పుడు గాలి కొట్టింది. తలుపు దబ్బున పడ్డది. గొళ్ళెం బయటి దిక్కు దానంతటదే జారి కూసున్నది.

నెడితే రాదు. ఎక్కుదామంటే రేకు అంచు కత్తి తీరుగున్నది, బరువేస్తే మూడు రోజుల కష్టం కూలుతది. ఫోన్ బయట బకెట్ మీదున్నది.

"అన్నా, ఏడున్నవ్? నాకు రేకొక్కటే కనవడుతున్నది!"

"ఆ రేకు ఎనకాలే ఉన్న రా! గొళ్ళెం పడ్డది. వచ్చి తియ్!"

"ఖఫ్జీ నుంచా?"

ఏం చెయ్యాలె? నెత్తి మీద కప్పు లేదు, నీలంగ ఆకాశం. కింద కూసోని రేకుకు ఆనుకున్న. వాడు బకెట్ మీద, నేను రేకు ఎనకాల, గంటసేపు ముచ్చట పెట్టుకున్నం. వచ్చినంక ఆదివారమొకరు, సోమవారమొకరు వండుదమన్నడు. పక్క గదిల వానికి మంచం కిటికీ దిక్కు కావాల్నా, గోడ దిక్కు కావాల్నా అని అడిగిన. "నీ మంచం ఏ దిక్కున్నదో ఆ దిక్కు గోడకేసి పెట్టన్నా, తడితే వినవడ్తది" అన్నడు. నిజం చెప్పాల్నా? గొళ్ళెం ఇంకో గంట తియ్యకున్నా పర్వాలేదనిపిచ్చింది.

అప్పుడు ట్యాంకర్ హారన్ కొట్టింది. నీళ్ళు పోసే జమాన్ ఖాన్, పాకిస్తానాయన. మా కఫీల్ కాయిదా ఏందంటే, బయటి మనిషి గేటు లోపల అడుగు పెట్టొద్దు. జమాన్ ఖాన్ గూడ గోడ మీది నుంచి పైపు అందిచ్చి, బయట్నే నిలవడ్తడు. నేను లోపల్నుంచి మొత్తుకున్న. ఆయన గోడెక్కి తొంగి చూసిండు.

"అరె భాయ్, అప్నా జైల్ ఖుద్ బనాయా?" నా జైలు నేనే కట్టుకున్ననట!

దూకొచ్చి గొళ్ళెం తీసిండు. కప్పు రేకులు చూసిండు, కాయితంల ఇద్దరు మనుషుల బొమ్మ చూసిండు, అంగి చేతులు పైకి మడిచిండు. ఆయన ఒక దిక్కు, నేనొక దిక్కు. గంటన్నర పట్టింది, అంతే! వదులుగున్న నట్లన్నీ ఆయనే ట్యాంకర్ పానాతోని గట్టిగ బిగిచ్చిండు. చాయ తాగి, "నేను లోపలికి రాలే, సమజ్ గయే?" అని గోడ దూకిపోయిండు.

ఆ పూటనే సామాన్లన్నీ మార్చిన. పక్క గది కడిగి, మంచం వాడు చెప్పిన గోడకు జరిపి, అంగి తగిలేసేటందుకు ఒక మొల గూడ కొట్టిన.

శుక్రవారం అబూ నాసర్ వచ్చిండు. రేకుల గది చుట్టు తిరిగిండు. భుజం పెట్టి నెట్టిండు, కదల్లే. తలుపు తీసిండు, మూసిండు.

"మాషా అల్లా! నీతోని ఎవరున్నరు?"

జమాన్ ఖాన్ పేరు చెప్తే ఆయన ట్యాంకర్ మల్ల మా గేటుకు రాదు. "ఎవ్వరు లేరు బాబా" అన్న. ఆడికి ఊకుంటే అయిపోతుండె. వేలు పైకి లేపి "అనా వాహిద్! ఒక్కణ్ణే!" అన్న.

ఆయన కాయితం తీసి బొమ్మ చూపిచ్చిండు. "ఇండ్ల ఇద్దరున్నరు గదా?"

ఇగో, ఈడ నా నోరు జారింది. "వాళ్ళకు పని రాదు బాబా, అందుకే ఇద్దరున్నరు."

అబూ నాసర్ పడీ పడీ నవ్విండు. నా వీపు చరిచిండు. నేను గూడ నవ్విన, ఛాతి ఇంత చేసుకోని. ఆడనే ఫోన్ తీసి తమ్మునికి చేసిండు. నాకు వచ్చిన అరబ్బీ తక్కువే గాని, "నా దగ్గర ఒక్కడే ఇద్దరి పని చేస్తడు" అన్నది సమజైంది. "అభా" అన్నది గూడ సమజైంది.

"బాబా, బాబా! నడుము పోయింది! చాలా కష్టమైంది!" అని నడుము పట్టుకున్న. ఆయనకు నా మీద జాలి కలిగింది. పెద్ద పళ్ళెం నిండ కబ్సా అన్నం, దాని మీద మాంసం పెట్టిచ్చి పంపిండు. "ఇద్దరి పని చేసినవ్, ఇద్దరి తిండి తిను!"

తినలేకపోయిన. సాయిలుకు ఫోన్ చేసిన. వాడు సంచి సదురుకోని, పక్క బట్టలు గూడ మడిచి తయారుగున్నడు.

"ఎప్పుడు రమ్మన్నడన్నా?"

ఉన్నదున్నట్టు చెప్పిన. వాడు సంచి కింద పడేసిన సప్పుడు వినవడ్డది.

"నిజం చెప్పరాదా కఫీల్‌కు?"

"చెప్తే జమాన్ ఖాన్ ఆగమైతడు తమ్మీ."

"అది గూడ నిజమే." మల్ల వాడే అన్నడు, "రెండేండ్ల సంది నీ పనులు వింటున్న. మోటార్ కాల్చినవ్, కుళాయి బిగిస్తే గోడ పలిగింది, అన్నం వండితె మేకలు గూడ ముట్టలే. ఒక్కటి సక్కగ కాలే. ఇదొక్కటే సక్కగ కావాల్నా అన్నా?"