బస్సు ఆపించిన మా సుజాత వదిన

నిన్న పొద్దున టిఫిన్ బాక్సులు సర్దుతుంటే కోదాడ నుంచి అన్న ఫోన్.

"అనితా... మీ వదిన పోయిందే."

ఎక్కడికి పోయింది అన్నాను. నిజంగానే అలా అడిగాను.

డ్యూటీకి రెడీ అవుతూ ఒక్కసారిగా కుప్పకూలిందట. గుండెపోటు. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగేదాకా నేను నమ్మలేదు. మొహం చూశాక కూడా లేపితే లేస్తుందేమో అనిపించింది.

ఇన్‌బాక్స్‌లో చాలామంది "ఆ పాత ఆపరేషన్ వల్లేనా?" అని అడుగుతున్నారు. కాదు. ఆ ఆపరేషన్ మా వదినను బాగుచేసింది. ఆ సంగతి ఇక్కడే చెప్తాను. దాచిపెట్టడం ఆమెకు నచ్చేది కాదు.

తెలియనివాళ్ల కోసం... సుజాత వదిన మా అన్న భార్య. కోదాడ–మిర్యాలగూడ బస్సులో కండక్టర్. హుజూర్‌నగర్ బస్టాండ్‌లో ఆమె కేక వినబడితే ఎవరూ బోర్డు చదివేవాళ్లు కాదు.

నెలలో కొన్ని రోజులు మాత్రం ఆ గొంతు తగ్గిపోయేది.

పీరియడ్స్ నొప్పి. కడ్డీ పట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేది. మళ్లీ తెరిచి "టికెట్, టికెట్" అంటూ ముందుకు కదిలేది. పెళ్లికి ముందు నుంచీ ఇదే తంతు. పిల్లలు కాలేదు. ఎవరికి చెప్పినా "ఆడవాళ్లకు ఉండేదే కదా" అన్నారు.

2011లో నడుము ఎడమవైపు కొత్తగా నొప్పి మొదలైంది. ఒకచోట చూపిస్తే గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. మా అమ్మ వెంటనే సరేనంది.

"తీపియ్యి బిడ్డా. పరేషాన్ ఖతమైతది. గిది నలుగురికి చెప్పుకునే రోగమా?"

వదిన ఒప్పుకోలేదు. "ఉండండి అత్తయ్యా. లోపల ఏముందో తెలియకుండా ఎలా తీయించుకోను?"

మిర్యాలగూడలో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లింది. ఆవిడ స్కాన్ చేస్తూ ఎడమవైపే మళ్లీ మళ్లీ చూశారు. తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. ఎడమ కిడ్నీ వాచింది. దీని పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరగడం. వదినకు అది లోతుగా పాకి, కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళాన్ని బిగించేసింది.

"గర్భసంచి ఒక్కటే తీస్తే ఇది విడిపోదమ్మా. వదిలేస్తే కిడ్నీ దెబ్బతింటుంది. హైదరాబాద్ వెళ్లండి."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వదిన ఏడ్చింది. భయపడిందనుకుని చెయ్యి పట్టుకున్నాను.

"భయం కాదే. ఇన్నేళ్లకు ఒక మనిషి, నీకు నిజంగానే నొప్పి ఉందమ్మా అంది."

హైదరాబాద్‌లో సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ముందు మూత్రనాళంలోకి స్టెంట్ వేస్తారట. అంటే సన్నటి మెత్తని ట్యూబ్. అంతా అతుక్కుపోయిన చోట నాళం ఎక్కడుందో అది ఉంటే తెలుస్తుంది, పొరపాటున తెగే భయం కొంత తగ్గుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా, నాళం మానేదాకా మూత్రానికి దారి మూసుకుపోకుండా చూస్తుంది.

"తర్వాత తీసేస్తారా సార్?"

"కొన్ని వారాలకు తీసేస్తాం. మీరు రావడం మాత్రం మర్చిపోవద్దు."

ఆ రోజు థియేటర్ బయట అన్న కుర్చీలో కూర్చోలేదు. టీ ఇస్తే చేతిలోనే చల్లారిపోయింది. సర్జన్ వచ్చి "నాళం తెగకుండా విడిపించాం" అన్నాక మాత్రం పక్కనున్న ఎవరో తెలియని పెద్దాయన భుజం మీద తల పెట్టేసి ఏడ్చాడు.

స్టెంట్ ఉన్నన్నాళ్లూ మంట, నడుములో పోటు, కాసేపటికోసారి బాత్రూమ్. దాన్ని తీయించడానికి మేం ముగ్గురం హైదరాబాద్ బస్సెక్కాం. సూర్యాపేట దాటిన కాసేపటికే వదిన మొహం మారిపోయింది. లేచి కండక్టర్ దగ్గరికి వెళ్లింది.

"గీడ స్టాప్ లేదమ్మా. ఆపుడు కుదరది," అన్నాడతను.

"నేనూ కండక్టర్నే తమ్ముడూ. ముందు పెట్రోల్ బంక్ వస్తుంది, అక్కడ బాత్రూమ్ ఉంది. జర ఆపు."

బస్సు ఆగింది. వదిన దిగబోతూ వెనక్కి తిరిగి, డ్యూటీ గొంతుతో ఒక్క కేక వేసింది.

"ఇంకెవరైనా దిగాలా అమ్మా?"

బస్సులో ఆడవాళ్లు దాదాపు అందరూ లేచారు!

అంతమంది అడగలేక బిగబట్టుకుని కూర్చున్నారు. వదిన ఆ పూట స్టెంట్ తీయించుకుంటూ కూడా ఆ మాటే తలుచుకుని నవ్విందట. మళ్లీ డ్యూటీలో చేరాక తన బస్సులో ఏ ఆడమనిషికీ అడిగే అవసరం రానివ్వలేదు. హుజూర్‌నగర్‌లో ఆగగానే "బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లు వెళ్లి రండమ్మా, మీరొచ్చాకే బస్సు కదులుతుంది" అనేది.

కిడ్నీ వాపు తగ్గింది. పిల్లలు కలగలేదు, ఆ దిగులు పూర్తిగా పోలేదు. నొప్పి మాత్రం చాలావరకు పోయింది. ఒకరోజు ఫోన్ చేసి "అనితా, ఈ రోజు నాకు డేట్. నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నా!" అంది. నోటి నిండా బజ్జీయే.

ఈ రోజు మధ్యాహ్నం వదినను సాగనంపాం.

అంతకుముందు పక్కింటామె మా అమ్మ దగ్గర కూర్చుని మెల్లగా అడిగింది, "అప్పట్లో ఏదో ఆపరేషన్ అయింది కదా, దేనికి?" అని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాటేస్తుందనుకున్నాను.

కొంగు తీసేసి, మగవాళ్లందరూ ఉన్న వాకిట్లో గట్టిగా చెప్పింది.

"నెలనొప్పికి. కిడ్నీ దాక పాకింది. నేను ఎవ్వలికి చెప్పొద్దన్న, నా కోడలు ఇనలే. మీ ఆడివిల్లలకు గట్ల నొస్తే ఊకుండకుండ్రి. దవాఖానకు తీస్కపోయి స్కాన్ తీపియ్యుండ్రి."

అమ్మ వదిన పక్కకు జరిగి, నుదుటి మీది జుట్టు సర్దింది.

వెళ్లిరా వదినా. ఇక నిలబడే డ్యూటీ లేదు. కిటికీ పక్క సీట్లో కూర్చుని, చల్లగాలికి హాయిగా నిద్రపో.