ఎడిటర్‌లో నాకు కనిపించని ఎరుపు

మొన్న ఆదివారం తెనాలిలో మా ఇంటి వరండాలో మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, తన పరిశోధన ఫైళ్లను తెరిచి చూపించే ప్రోగ్రాముకు, అదే ఎడిటర్‌కు రంగులు మారుస్తూ, "నాన్నా, ఈ థీమ్ బాగుందా, ఇందాకటిదా?" అని అడిగింది. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. ఆ మాటే చెబితే, "అయ్యో, మీ సంగతే మర్చిపోయాను" అని నవ్వేసింది. నా మనసు మాత్రం బాపట్లలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లోకి వెళ్లిపోయింది.

అప్పట్లో నేను పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి బాపట్ల వెళ్లి, వరి వంగడాల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. తాత్కాలిక ఉద్యోగం. వరి జన్యువుల వివరాలు ఎ, సి, జి, టి అనే నాలుగే అక్షరాలతో, పేజీలకు పేజీలు, ఎక్కడా ఖాళీ లేకుండా ఉండేవి. జన్యువులను చదివే మిషను ఏ అక్షరమో పోల్చుకోలేనిచోట ఎన్ అనే అక్షరం పడేది. దాన్ని పట్టుకుని గుర్తు పెట్టడం నా పని. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో అది హాయిగానే సాగింది.

మా ల్యాబులోనే రేపల్లె నుంచి బస్సులో వచ్చే ఒక చెల్లెమ్మ ఉండేది. వాళ్ల అబ్బా, అంటే నాన్న, అక్కడ పేరున్న దర్జీ. ఆమె ఏవేవో చదివి, ఏ అక్షరం ఏ రంగులో కనిపించాలో ఎడిటర్‌కు చెప్పే చిన్న ఫైలు రాసింది. మామూలు అక్షరాలు ఆకుపచ్చ, ఎన్ ఎరుపు. ల్యాబంతా చుట్టూ మూగి భలే ఉందంటుంటే నేనూ భలే ఉందన్నాను, ఏముందో తెలియకుండానే.

ఆనాటి నుంచి నా పనిలో తప్పులు మొదలయ్యాయి. "ఏంటయ్యా, ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడుతుంటే వదిలేశావేంటి?" అన్నారు మా ల్యాబు పెద్ద సారు. నాకు అంతా అయోమయం. తెరంతా ఒకే మట్టిరంగు, అక్షరాలు నలుపులో కలిసిపోతున్నాయి, ఎక్కడా ఏదీ కొట్టొచ్చినట్టు లేదు. తెనాలిలో కళ్లద్దాల షాపుకు వెళితే అక్షరాలన్నీ గడగడా చదివాను, చూపు బంగారంలా ఉందన్నారు. మరి లోపం బుర్రలోనేమోనని, ఉద్యోగం వాళ్లు తీసేయకముందే నేనే మానేద్దామని అనుకున్నాను.

ఆ సంగతి చెప్పగానే చెల్లెమ్మ నన్ను తెర ముందు కూర్చోబెట్టి, "అన్నయ్యా, ఈ వరుసలో ఎరుపెక్కడుందో వేలు పెట్టి చూపించండి" అంది. నా వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆమె వెంటనే, "మా తమ్ముడికీ ఇంతే అండి. పచ్చ జాకెట్టుకు ఎర్రదారం వేసి కుట్టేస్తాడు. బుర్రకేం కాలేదు, మీకు ఆ రంగులు విడిగా తెలియవంతే" అంది.

మధ్యాహ్నాలు అన్నం డబ్బాలు పక్కన పెట్టుకుని ఆమె రంగులు మారుస్తూ పోయేది, నేను కనిపించింది, కనిపించలేదు అని చెబుతూ పోయేవాణ్ణి. చివరికి ముదురు నీలం మీద తెల్లటి అక్షరాలు పెట్టి, ఎన్‌ను పసుపు చేసి లావుగా దిద్దినప్పుడు, అవి ఒక్కసారిగా చేలో కొంగల్లా లేచి కనిపించాయి. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూపించాను. సారు మాత్రం చూసి, "ఇవేం రంగులయ్యా, కళ్లు పోతాయి" అన్నారు. అందుకని ఆమె పాత ఎరుపు, ఆకుపచ్చల ఫైలు అందరికీ ఉంచి, నాదాన్ని విడిగా దాచి, దానికి 'అన్నయ్య' అని పేరు పెట్టింది. ఉద్యోగం నిలబడింది, తరవాత పర్మనెంటు కూడా అయింది. ఆమె పెళ్లయి వెళ్లిపోయింది.

ఇప్పుడు అలాంటి అనుమానపు అక్షరాలను ప్రోగ్రామే ఏరేస్తుందట. మా అమ్మాయి ఆ ఫైళ్లను వరుసగా చదివిందే లేదట. నాలాంటి కళ్లవాళ్లకు కూడా రకరకాల థీములు తయారుగా దొరుకుతున్నాయి. మంచిదే. కానీ ఒక మనిషికి ఏం కనిపిస్తోందో తెలుసుకోవడానికి ఇంకో మనిషి అన్నం చల్లారబెట్టుకుని పక్కన కూర్చోవలసిన అవసరం మాత్రం పోయింది. అది లాభమో నష్టమో, నాకు ఇప్పటికీ తేలడం లేదు.