మా బండికి ఇంజిన్ వెతికిన రోజులు

చింతామణి నుంచి బెంగుళూరుకు తిరిగి వస్తుండగా, ఒక ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ మా బండి ఆగిపోయింది. అంతకు చాలాసేపటి ముందు నుంచే నా కాళ్ల దగ్గర వేడి పెరుగుతోంది. ఎండాకాలం కదా, మామూలే అనుకున్నాను. మా ఆయన స్టీరింగు మీదికి వంగి, బండిని బతిమాలుకుంటున్నట్టు నడుపుతున్నాడు. ఇంతలో ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచింది. పక్కకు తీసి, అది చల్లారేదాకా ఒక చింతచెట్టు నీడలో నిలబడ్డాం. ఆయన డిప్‌స్టిక్ లాగి చూశాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాల టీ రంగులో ఉంది. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి లాగాడు. అదే రంగు.

"ఆయిల్లోకి నీళ్లు దిగినాయి," అన్నాడు. చివరికి ఇంకొక వాహనానికి కట్టించి బండిని లాక్కొచ్చాం.

మాకు అది బండి కాదు, ఇల్లు. కొన్నేళ్ల కిందట ఆయన పనిచేసే ఆఫీసులో ఆయన విభాగాన్నే ఎత్తేశారు. యాభై దగ్గరపడిన మనిషి. మొదట్లో అందరిలాగే ఫోన్లు చేశాడు, మనుషుల్ని కలిశాడు. తర్వాత మానేశాడు. ఆ తర్వాత మంచం దిగడం కూడా మానేశాడు. స్నానం చెయ్యమంటే చేసేవాడు, తినమంటే తినేవాడు, చెప్పకపోతే రెండూ లేవు. మాకు పిల్లలు లేరు. నేను ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి ఇల్లు నడిపేదాన్ని. పాఠం చెబుతున్నంతసేపూ నా చెవి పక్కగది మీదే ఉండేది.

అట్లాంటి మనిషి ఒకరోజు ఒక పాత వ్యాను అమ్మకానికుందని విని లేచి వెళ్లాడు. కొలతల టేపు జేబులో వేసుకుని వెళ్లాడు. కొన్న తర్వాత వెనక సీట్లన్నీ పీకేసి, ప్లైవుడ్ కోసి, మడిస్తే బల్ల అయ్యే మంచం చేశాడు. నీళ్ల క్యాను కింద చిన్న సింకు బిగించాడు. ఒక సాయంత్రం ఆయన జుట్టులో రంపపు పొట్టు చూసి నేను లోపలికి వెళ్లి ఏడ్చాను. మనిషి తిరిగొచ్చాడని ఏడుపు. అందుకే, అద్దె ఇల్లు వదిలేసి ఇందులోనే ఉందామని ఆయన అన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు.

అడ్డు చెప్పింది మా అన్న. మాది బెంగుళూరు నగర్తపేట. తాతల నాడు మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. బళేపేటలో మా నాన్న పెట్టిన హార్డ్‌వేర్ అంగడి ఇప్పుడు అన్న చూసుకుంటున్నాడు.

"ఇల్లు లేని సంసారమేందమ్మా? వానొస్తే యాడికి పోతారు?" అన్నాడు.

"వాన లేని చోటికి పోతాం లే అన్నా," అని నవ్వాను.

హొసకోట దాటిన తర్వాత మాకు తెలిసిన ఒకాయన ఖాళీ సైటులో బండి నిలుపుకోనిచ్చాడు. వారమంతా అక్కడ ఉండి నేను పాఠాలు చెప్పేదాన్ని. శని, ఆదివారాలు ఎటో ఒకవైపు వెళ్లేవాళ్లం. చెరువు గట్టున వంట, చల్లగాలి, ఆయన కూనిరాగం. ఏడాదికి పైనే అట్లా గడిచింది. అంతకన్నా మంచి కాలం నాకు గుర్తు లేదు.

ఇప్పుడు ఆ సైటులోనే బండి కదలకుండా పడి ఉంది. సైటు ఆయన వచ్చి మొహమాటపడుతూనే చెప్పాడు, ఆషాఢం రాకముందే ఇంటికి శంకుస్థాపన చేస్తున్నామని, అంతలోపల చోటు ఖాళీ చెయ్యాలని. ఆయన్ను తప్పు పట్టడానికేమీ లేదు.

అన్న కలాసిపాళ్యం నుంచి ఒక మెకానిక్‌ను పంపించాడు. హిందూపురం వైపు మనిషి. ఇంజిన్ పై భాగం, వాళ్లు హెడ్డు అంటారు, విప్పి కింద పెట్టాడు. హెడ్డు చీలింది. దాని కిందున్న బ్లాకులో కూడా వెంట్రుకంత గీత కనిపిస్తోంది. దాన్ని వేలుగోటితో రాసి చూపించాడు.

"హెడ్డయితే మార్చొచ్చు అక్కా. బ్లాకే పోయింది. వేరే ఇంజినే చూడాల. ఆర్‌సీ ఇట్ల ఇయ్యి, ఏ ఇంజినో చూస్తా."

బ్లాకు పక్కన పేరుకున్న జిడ్డును కిరోసిన్‌తో కడిగి, తీగబ్రష్‌తో రుద్ది, దాని మీద సుద్దముక్కతో రుద్దాడు. గుంటల్లోకి తెల్లటి పొడి దిగి ఇంజిన్ నంబరు అంకెలు తేలాయి. అతను చదువుతుంటే నేను చేతిలోని ఆర్‌సీ కార్డుతో సరిచూస్తున్నాను. మొదటి అక్షరం దగ్గరే తేడా వచ్చింది. చివరిదాకా చదివించాను. ఒక్క అంకె కూడా కలవలేదు.

"ఇది ఈ బండి ఇంజినే కాదక్కా," అన్నాడు మెకానిక్. బండి కిందికి దూరి టార్చి కొట్టి చూపించాడు. ఇంజిన్‌ను మోసే పట్టీలను ఎవరో కోసి, వేరే ముక్కలు పెట్టి వెల్డింగు చేశారు. "సరుకుల బండిది తెచ్చి దీంట్లో కూర్చోబెట్టినారు. గేరుబాక్సు గూడా దానిదే. అసలుది ఎప్పుడో పోయింటాది."

మా ఆయన ఇంతసేపూ కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. అమ్మినవాడు ఇంజిన్ ఒరిజినలే అని ఆయనతో చెప్పాడు. ఆ మాట ఆయన నాతో ఎన్నిసార్లు అన్నాడో.

"అంటే మనం కొన్నది దేన్ని?" అని అడిగాడు. మెకానిక్‌ను కాదు, నన్నూ కాదు. జవాబు కోసం చూడకుండా బండి ఎక్కి తలుపు మూసుకున్నాడు. ఆ ఎండలో, ఆ రేకు డబ్బాలో, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పడక నాకు తెలుసు.

అప్పటి నుంచి ఇంజిన్ కోసం తిరిగింది నేనే. పాఠాలు పొద్దున, సాయంత్రం. మధ్యలో అన్న, మెకానిక్, నేను గుజరీ అంగళ్ల వెంట పడ్డాం. పాత బండ్లను విప్పి అమ్మే చోట్లవి. వాటిల్లో నేనొక్కదాన్నే ఆడమనిషిని. మొదట్లో వాళ్లు అన్నతో మాట్లాడేవాళ్లు. కొన్నాళ్లకు నేను అడిగే ప్రశ్నలు విని నావైపు తిరిగారు. ఏది మాకు సరిపోయే రకమో డీజిల్ పంపు ఆకారం చూసి పోల్చడం వచ్చింది. నడుస్తున్న ఇంజిన్ మీద ఆయిలు మూత తీసినప్పుడు కింది నుంచి పొగ తోసుకొస్తే లోపల అరిగిపోయిందని, మనం వెళ్లేసరికే బ్లాకు వెచ్చగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాని దాన్ని ముందుగానే వేడి చేసి పెట్టారని మెకానిక్ చెప్పాడు. ఒకచోట ఇంజిన్‌కు కొత్త రంగు పూసి పెళ్లికూతుర్ని చేసి కూర్చోబెట్టారు. విప్పి చూస్తే లోపల తుప్పు. ఇంకోచోట బాగుందనుకున్నది చేత్తో తిప్పితే తిరగనే లేదు, పట్టేసి ఉంది.

రోజూ తిరిగొచ్చి ఆయనకు చెప్పేదాన్ని. ఈరోజు ఇట్లాంటిది చూశాం, రేపు అటువైపు వెళ్తున్నాం అని. "ఊ" అనేవాడు. పొద్దున పెట్టిపోయిన అన్నం చాలాసార్లు పెట్టినట్టే ఉండేది.

చివరికి ఒకటి దొరికింది. మైసూరు రోడ్డు వైపు ఒక షెడ్డులో, రెండు పాత టైర్ల మీద పెట్టి ఉంది. మేము వెళ్లేసరికి వెచ్చగా ఉంది. నేను అరచెయ్యి పెట్టి చూసి మెకానిక్ వైపు చూశాను. అతను బయటికి నడిచి, మర్నాడు పొద్దున్నే, షెడ్డు వాళ్లకు చెప్పకుండా, మమ్మల్ని మళ్లీ తీసుకొచ్చాడు. ఈసారి చల్లగా ఉంది. బ్యాటరీ తీగలు తగిలించగానే ఒక్క తిప్పుకే అందుకుంది. కొంచెం నీలం పొగ వచ్చి తగ్గిపోయింది. ఆయిలు మూత తీస్తే పొగ లేదు. గేజీ పెట్టి కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, చూశాడు. అన్ని సిలిండర్లూ ఒకేలాగా ఉన్నాయి.

"ఇట్లాటిది మళ్ల దొరకదక్కా," అన్నాడు.

నేను ఆటో కట్టించుకుని సైటుకు వెళ్లి మా ఆయన్ను లేపాను. "నువ్వు వచ్చి వినాల. నువ్వు వినకుండా నేను ఒప్పుకోను," అన్నాను. చాలాసేపు బతిమాలాక చొక్కా వేసుకున్నాడు.

మళ్లీ స్టార్టు చేయిస్తే, ఆయన ఆ ఇంజిన్ పక్కన గొంతుక్కూచుని విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. చెయ్యి బ్లాకు మీద పెట్టాడు. "బాగుండాది," అన్నాడు. నా వైపు చూసి నవ్వాడు. గడ్డం పెరిగిన ఆ ముఖంలో ఆ నవ్వు చూసి చాలా రోజులయింది. అన్న తల తిప్పుకున్నాడు.

"నంబరు చూసి తీసుకుందాం," అన్నాను. మాటవరసకే అన్నాను. ఆ నాలుగు వారాల్లో అలవాటైన పని. నా సంచిలో సుద్దముక్క ఉంది.

నంబరు ఉండే చోట మాత్రం నల్లరంగు కొత్తగా ఉంది. మెకానిక్ థిన్నర్‌తో తుడిచాడు. కింద లోహం అద్దంలా నున్నగా ఉంది. గ్రైండర్ పట్టించి గీకేశారు. దాని మీద కొత్తగా కొట్టిన అంకెలు ఒకటి పైకి, ఒకటి కిందికి, తాగినవాడి నడకలా ఉన్నాయి.

"అక్కడ తుప్పు పట్టింటే తీసేసినామక్కా, అంతే," అన్నాడు షెడ్డు ఆయన. అడిగితే కాగితం కూడా ఇస్తానన్నాడు, ఏ నంబరు కావాలంటే ఆ నంబరుతో.

ఇంజిన్ ఇంకా నడుస్తూనే ఉంది.

"దొంగదా?" అని అన్న మెకానిక్‌ను మెల్లగా అడిగాడు.

"ఎట్ల చెప్పేదప్పా. అయ్యుండొచ్చు. మీరు సరే అంటే నేను బిగిస్తా. ఆర్టీవో ఆఫీసులో ఎఫ్‌సీ చేయించేకాడ ఎవురన్నా పట్టుకుంటే మాత్రం నన్ను అడగొద్దు."

మా ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "బండి నడిచేది ఇంజిన్‌తో కదా, నంబరుతోనా?" అన్నాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

ఏదో ఊరిలో ఒక మనిషి పొద్దున లేచి వాకిట్లోకి వచ్చి, తన సరుకుల బండి ఉండాల్సిన చోట ఖాళీ నేల చూసి ఉంటాడు. నాకు అదే కనబడుతోంది. అది కాకపోయినా, ఏదో ఒక చెక్‌పోస్టులో మమ్మల్ని దించి, ఈయన్ను స్టేషన్లో కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. దాన్ని ఈయన తట్టుకోలేడు.

"వద్దు," అన్నాను. "ఇది వద్దు. ఇంకొకటి వెతుకుతా."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. కోపం రాలేదు. గుడ్డతో తన చెయ్యి తుడుచుకుని, ఒక్కొక్క వేలూ తుడుచుకుని, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. షెడ్డు ఆయన బ్యాటరీ తీగ పీకేశాడు. ఆ చప్పుడు ఆగిపోయాక, రోడ్డు మీది బస్సుల మోత మాకు ఒక్కసారిగా వినబడింది.

ఇంకొకటి దొరికింది కూడా. అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నది, నంబరు చెక్కుచెదరనిది. దాని రెండు సిలిండర్లలో కంప్రెషన్ లేదు. సిలిండర్లు అరిగి బోరుకొచ్చింది, తెరిచి కొత్తగా చెయ్యాలి, ఆ సామాను ఇప్పుడు రావడం లేదు అన్నాడు మెకానిక్. మా ఆయన దాన్ని చూడడానికి రాలేదు. నేనూ బలవంతం చెయ్యలేదు. అడిగితే వస్తాడేమో, వచ్చి ఏమీ అనకుండా నిలబడతాడేమోనని భయం వేసింది.

సైటులో బోరుబావి లారీ వచ్చిన రోజు మేము సామాను దించుకున్నాం. గిన్నెలు, పరుపు, నా పుస్తకాలు అన్న తెచ్చిన ఆటోలో పట్టిపోయాయి. మంచం విప్పి తీసుకుందామని అన్న స్క్రూడ్రైవర్ పట్టుకుంటే, "ఉండనీ బావా, యాడ పెట్టుకుంటాం," అన్నాడు మా ఆయన. బండిని గుజరీ వాళ్లే వచ్చి లాక్కెళ్లారు. అది మలుపు తిరిగేదాకా నేను చూశాను. ఆయన ఆటోలో ముందే ఎక్కి కూర్చుని ఉన్నాడు, వీపు మావైపు పెట్టి.

ఇప్పుడు నగర్తపేటలో మా పుట్టింటి మేడ మీది గదిలో ఉంటున్నాం. వదిన మంచి మనిషి, ఒక్క మాట అనదు. కింద సందులో పొద్దున్నుంచి తోపుడు బండ్ల గోల. నేను కిటికీ మూసుకుని పాఠాలు చెబుతాను. అన్న ఆయన్ను కొన్నాళ్లు అంగడికి తీసుకెళ్లాడు. కొలతలు, మేకులు, పట్టీలు చూస్తే మళ్లీ చేతులు ఊరుకోవని అన్న ఆశ. ఆయన స్టూలు మీద కూర్చుని రోడ్డు చూసేవాడట. పది రోజులకే వెళ్లడం మానేశాడు. డాక్టరు దగ్గరికి వెళదామంటే, "నాకేమయింది?" అంటాడు. అంతకన్నా నేనేం చెప్పాలో నాకు తెలియదు.

మొన్న మెట్ల దగ్గర అన్న నన్ను ఆపాడు.

"నువ్వు చేసింది సరైన పనేనమ్మా. దాని గురించి మనసులో పెట్టుకోవద్దు."

"తెలుసన్నా," అన్నాను. నిజంగానే తెలుసు. ఆ రోజు మళ్లీ వచ్చినా అదే మాట అంటాను. అది తెలిసినందువల్ల పైగదిలో ఏమీ మారదు. ఆయన నన్ను తిట్టడు, నిందించడు. ఆ షెడ్డు మాటే ఎత్తడు. అట్లా ఎత్తితే నేను వాదించేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి జరిగేది.

వదిన పళ్లెంలో అన్నం, చారు పెట్టి ఇచ్చింది. నేను పైకి తీసుకెళ్లి తలుపు తోశాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "లే, తిందువుగాని," అన్నాను. చెప్పాను కాబట్టి లేచి కూర్చున్నాడు.