నవ్వించిన మనిషికి రెండు నిమిషాల మౌనం

మా నాటకాల హాస్యగాడు నాగప్ప సంస్మరణ సభకని ఈ రోజు ఆదోని వెళ్లి, ఒళ్లు మండి వచ్చాను.

ఆయన నాటకాలకు ముప్పై ఏళ్లు వాయించిన హార్మోనియం ఖాసీం సాబును, తబలా రంగన్నను ఎమ్మిగనూరు నుంచి పిలిపించారు. నాటకంలో సాబు హార్మోనియం ఆపి "ఎవురప్పా నువ్వు?" అని అడిగితేగాని నాగప్ప తెర వెనక నుంచి వచ్చేవాడు కాదు. ఆ ప్రశ్నకే జనం నవ్వేవారు.

ఈ రోజు వేదిక నిండా నాయకులే. ప్రసంగాలు, శాలువాలు వాళ్లకే. చివరికి కళాకారులిద్దరూ మెట్లెక్కబోతే నిర్వాహకుడు ఆపేశాడు.

"టైమైపాయ సాబూ. రెండు నిమిషాలు మౌనం పాటిచ్చి ముగిచ్చేద్దాం."

"మౌనంగా నిలబడేదానికి హార్మోనియం ఏంటికప్పా మోసుకొని రమ్మంటిరి?"

నిర్వాహకుడు మైకు దగ్గరికి వెళ్లి అందర్నీ లేవమన్నాడు. అందరూ లేచారు. సిగ్గు లేకుండా నేనూ లేచాను. ఆ నిశ్శబ్దంలో సాబు, దండ వేసిన ఫొటో వైపు చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఎవురప్పా నువ్వు?"

నిర్వాహకుడు వెనక్కి తిరిగి "ష్" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. మీరైతే ఏమనేవారో చెప్పండి, రేపు వెళ్లి ఆ మాటే అని వస్తాను.