సాంబన్న బంతి

దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే కండువా దులుపుకుని లేచిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ అంతే. ఇందులోనూ దయ్యం లేదు. ఒక కాకి, ఒక బంతి ఉన్నాయి. వాటికి మాత్రం ఇన్నేళ్లయినా నాకు సమాధానం దొరకలేదు.

యాభైల చివరి మాట. సాంబశివరావు గుంటూరులో కాలేజీ తరఫున బాస్కెట్‌బాల్ ఆడేవాడు. చదువయ్యాక మిర్చి కొట్టులో గుమాస్తాగా చేరాడు. నేను పక్క కొట్లో పనిచేసేవాణ్ణి. ఆ ఆట పేరు నోరు తిరగని హమాలీలు దాన్ని బుట్టాట అనేవాళ్లు. సాంబన్నంటే వాళ్లకి వెర్రి. ఆ వెర్రివాళ్లలో నేనూ ఒకణ్ణి.

పొద్దస్తమానం మిర్చి ఘాటుకి తుమ్మీ, దగ్గీ, బస్తాలు తూయించీ సాయంత్రానికి మనిషి సోలిపోయేవాడు. అయినా మేం వదిలితేగా. "సాంబన్నా, ఒక్కసారి బుట్టలో వెయ్యి, చూసి పోతాం" అనేవాళ్లం. కాదనడం అతనికి చేతకాదు. పంచె ఎగ్గట్టి మైదానంలోకి దిగేవాడు. మోకాలు ఎప్పుడో దెబ్బతింది. రాత్రిళ్లు భార్య రాజ్యమ్మ ఉప్పుమూటతో కాపడం పెట్టేదని మాకూ తెలుసు. మర్నాడు మళ్లీ పిలిచేవాళ్లం. అభిమానం అలాంటిది మరి.

ముప్పై దాటకుండానే విషజ్వరం తగిలి పోయాడు.

పదో రోజు కర్మ పొన్నూరు దగ్గర వాళ్ల ఊళ్లో, కాలువ గట్టు మీద. సీజన్ మధ్యలో కొట్లు వదిలేసి బస్సు నిండా వెళ్లాం. సైకిల్ షాపు మస్తాన్, సాంబన్న ఆడిన పాత తోలుబంతికి గాలి కొట్టి తెచ్చాడు. దారంతా అది నా ఒళ్లోనే ఉంది. నొక్కి చూస్తే రాయిలా ఉంది. దానికి చామంతి దండ వేసి పిండం పక్కన పెట్టాం.

కాకి రాలేదు.

పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. అది తీరుస్తామని మాటివ్వాలి. తుమ్మచెట్ల మీద కాకులు బోలెడున్నాయి, ఒక్కటీ దిగదు. "ఒరేయ్, బంతిని చూసి బెదురుతున్నాయేమో, తియ్యండ్రా" అన్నారెవరో. తీసి నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. రాలేదు. సాంబన్న తమ్ముడు చేతులు జోడించి "వదినకి ఏ లోటూ రానివ్వను అన్నయ్యా" అన్నాడు. అయినా రాలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. కాకి ముట్టేదాకా తనూ ఏమీ ముట్టనని రాజ్యమ్మ పొద్దుట్నుంచీ మంచినీళ్లయినా లేకుండా కూర్చుంది. అప్పటికే సగమైంది మనిషి. ఈవిడ కూడా మాకు దక్కదేమోనని భయమేసింది.

మస్తాన్ ఇక ఆగలేకపోయాడు. "సాంబన్నా, ఏటేటా నీ పేరు మీద పోటీలు పెట్టిస్తాం. నీ ఆట ఆగనివ్వం!" అని ఏడ్చాడు. మేమంతా అవునవునన్నాం. ఉన్న కాకులు కూడా లేచి అవతలి గట్టుకి పోయాయి.

అప్పుడు రాజ్యమ్మ లేచింది. మా వంక చూడలేదు, పిండం వైపే చూసింది. ఆ మొహంలో కోపం లేదు, ఓపిక లేదంతే.

"మిమ్మల్ని ఇంకెవరూ ఆడమనర్లేండి. పడుకోండి" అంది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక కాకి నేరుగా పిండం మీద వాలింది. అంతమంది జనాన్ని చూసీ బెదరకుండా నింపాదిగా తింది. రాజ్యమ్మ చెంబెత్తి నీళ్లు తాగింది. మాకెవరికీ ఏడుపు ఆగలేదు.

కాకి సంగతి సర్దిచెప్పుకోవచ్చు. ఆకలేసి వచ్చిందనుకుంటాను. కానీ గట్టు దిగబోతూ బంతి ఎత్తితే, చేతుల్లో మెత్తగా కుంగిపోయింది. చుక్క గాలి లేదు. నా కాళ్ల దగ్గర్నుంచి అది కదల్లేదు, ఎవరూ తాకలేదు. గాలి కొట్టే మూతి మీద తోలుని బిగించి కట్టిన తాడు ముడి కూడా ముడిలాగే ఉంది.

మర్నాడు మస్తాన్ లోపలి రబ్బరు తిత్తి తీసి, గాలి కొట్టి, నీళ్లతొట్టిలో ముంచాడు. చిల్లుంటే బుడగలు రావాలి. తిప్పి తిప్పి ముంచాడు. ఒక్క బుడగా రాలేదు.

"ఇది పంచర్ కాదన్నా" అన్నాడు.

మరేమిటో అతనికీ తెలియదు, నాకు ఈనాటికీ తెలియదు. పోటీల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మస్తాన్ ఆ తిత్తిని తడి తుడిచి, తను కొట్టిన గాలిని తనే మెల్లగా వదిలేశాడు.