కంపెనీ అనే మాట

ఎనభైల్లో మా ఆర్మూర్‌లో అందరి నోళ్లలో నలిగిన ఇంగ్లీషు మాట కంపెనీ. అమ్మా నేనూ చుట్టిన బీడీలు తీసుకునేది కంపెనీ. గల్ఫ్‌కు పోయినవాడికి మర్యాద తెచ్చేదీ కంపెనీయే. అన్న విమానం ఎక్కగానే అమ్మ పసుపు మార్కెట్ దాకా పోయి మరీ చెప్పొచ్చింది: "మావోనిది కంపెనీ వీసా." పేరు గొప్ప ఊరు దిబ్బ అని అప్పటికి మాకు తెలియదు.

నాలుగు నెలలకు అన్న దగ్గర్నుంచి క్యాసెట్ వచ్చింది. అక్కడ నీళ్ల ట్యాంకర్ నడిపే జక్రాన్‌పల్లి ఆయన సెలవు మీద వస్తూ తెచ్చాడు. "మీరు ఊ అంటే షేకుతోని మాట్లాడి మీవోన్ని వాపస్ తోలిస్త," అని కూడా అన్నాడు. తలుపేసుకుని విన్నాం.

"అమ్మా, గీడ కంపెనీ లేదు, ఏం లేదు. ఎడారిల గొర్లు కాస్తున్న. మాట్లాడనీకి మనిషి లేడు. ఎండిన రొట్టె ఒక్కన్నే తింటున్న. నన్ను ఎట్లనన్న తెచ్చుకోండ్రి."

అమ్మ ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "కంపెనీ అని ఊరంత చెప్పుకున్నం. గొర్లు కాసిండంటే నవ్వరా?" అంది. నేనూ కాదనలేదు. ఇంటర్ చదువుతున్నాను, స్నేహితురాళ్ల ముందు నాకూ పరువుంది మరి.

క్యాసెట్ వస్తే దాని మీదే జవాబు నింపి వెనక్కి పంపడం మా దగ్గర అలవాటు. బటన్ నొక్కింది నేనే. "జర ఓపిక పట్టు కొడుకా, రెండేండ్లు ఎంతల గడుస్తయి," అని అమ్మ చెబుతుంటే, కింద అన్న గొంతు చెరిగిపోతోందని నాకు తెలుసు. అన్న మళ్లీ క్యాసెట్ పంపలేదు.

డిగ్రీలో ఉండగా కాలేజీ లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తిరగేస్తూ ఆ మాట దగ్గర ఆగాను. తోడు, సైనికుల దళం, వ్యాపార సంస్థ అని అర్థాలు. పుట్టుక లాటిన్‌లో: కలిసి రొట్టె తినేవాళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ పేజీ చించెయ్యాలనిపించింది.

రెండేళ్లన్నది ఆరేళ్లయింది. అన్న వచ్చిన రోజు అమ్మ మక్క రొట్టెలు చేసి, ముగ్గురికీ పళ్లేలు పక్కపక్కనే పెట్టింది. అన్న తన పళ్లెం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చుంటే లేచి వాకిట్లోకి నడిచాడు.

"మీరు తినుండ్రి. పక్కన మనిషుంటే నాకు బుక్క దిగదు."

అమ్మ పోయేదాకా మేం ముగ్గురం కలిసి ఒక్క పూటా తినలేదు.