పెట్రోల్ ట్యాంకు తాళం

మా పక్క ఫ్లాట్ శ్యామలాదేవిగారు సీరియళ్లకు డబ్బింగ్ చెబుతారు. కోడలు ఇచ్చిన కాఫీలో ఏదో కలిసిందని అనుమానించే అత్త గొంతు వినిపిస్తే, నూటికి తొంభై పాళ్లు అది ఆవిడదే. పోనీ, గొంతుతో సరిపెట్టుకున్నారా అంటే అదీ లేదు. పాలవాడి నుంచి లిఫ్ట్ బాగుచేసేవాడి దాకా అందరూ తనను ముంచడానికే ఫిల్మ్‌నగర్ వస్తారని ఆవిడ గట్టి నమ్మకం. మినహాయింపు ఒక్క డ్రైవర్ బాలనర్సయ్యకే. షేక్‌పేట మనిషి. కారు తాళం, ట్యాంకు మూత తాళం రెండూ ఎప్పుడూ అతని జేబులోనే ఉండేవి.

ఈమధ్య కారు మైలేజీ తగ్గింది. ఆవిడ కన్ను నర్సయ్య మీద పడింది. పెట్రోల్‌లో ఇథనాల్ అనే స్పిరిట్ కలుపుతున్నారు, అందుకే కాస్త తగ్గుతుందని నేను చెబితే, "మీకెంత ఇస్తున్నాడేంటి?" అన్నారు.

తర్వాత గొంతుకు ఆపరేషనై ఆవిడ ఇంట్లోనే ఉండిపోయారు. వానాకాలమంతా కారు ఆరుబయట తడిసింది. మళ్లీ స్టూడియోకి బయల్దేరిన రోజు గేటు దాటకుండానే ఆగిపోయింది. మెకానిక్ వచ్చి ట్యాంకు అడుగు నుంచి ఒక సీసాడు తీశాడు. పైన పెట్రోల్, కింద సగం దాకా నీళ్లలాంటిది, రెండూ విడివిడిగా నిలిచాయి.

"పెట్రోల్ అమ్ముకుని నీళ్లు పోశావు కదూ నర్సయ్యా!" ఆపరేషనైన గొంతని కూడా చూసుకోకుండా అరిచారావిడ.

"నా పిల్లల మీద ఒట్టమ్మా, నేను పొయ్యలే."

"వాన నీళ్లయితే చుక్కో రెండు చుక్కలో ఉంటాయి. సగం సీసా ఎలా వస్తాయి? తాళాలు ఇటివ్వు!"

ఇచ్చేశాడు. పక్క బంగళాల డ్రైవర్లు వింటూ నిలబడ్డారు. జూబ్లీ హిల్స్‌లో డ్రైవర్‌కి పని దొరికేది తోటి డ్రైవర్ల నోటిమాట మీదే. పెట్రోల్ దొంగన్న పేరు పడితే ఇక ఏ ఇంట్లోనూ పెట్టుకోరు. నర్సయ్య మొహం చూడలేకపోయాను.

అంతటితో వదిలేస్తే ఆవిడ శ్యామలాదేవి ఎందుకవుతారు? అందరి ముందూ రుజువు చేస్తానని పూజగదిలోంచి వత్తి, ప్రమిద, అగ్గిపెట్టె తెచ్చారు. కారుకు దూరంగా, గోడ పక్కన పెట్టారు. మెకానిక్ సిరంజితో సీసా అడుగునున్నది లాగి వత్తి మీద వేశాడు.

"నీళ్లయితే వెలగవు. చూడండి!" అని పుల్ల గీసి అంటించారు.

వత్తి భగ్గున అంటుకుంది. నీలంగా, నిలకడగా వెలిగింది.

మెకానిక్ నవ్వు ఆపుకున్నాడు. "గది ఉత్త నీళ్లు కాదమ్మా. జరన్ని వాన నీళ్లు దిగినయి. పెట్రోల్‌ల ఉన్న ఇథనాల్ వాటిల కలిసి కిందికొచ్చింది. గందుకే గంత కనబడుతుంది. మూత రబ్బరు చూడుండ్రి, పగిలిపోయింది."

శ్యామలాదేవిగారు ఇన్నేళ్లలో అనుమానించే డైలాగులు వందలు చెప్పారు కానీ, తప్పయిందనే మాట ఒక్కటి నోటికి రాలేదు. చివరికి తాళాల గుత్తి అతని ముందుకు చాచారు.

నర్సయ్య గుత్తిలోంచి కారు తాళం ఒక్కటే తీసుకున్నాడు. "ట్యాంకుది మీ తాన్నే ఉండనియ్యుండ్రమ్మా" అన్నాడు.

ఇప్పుడు బంకులో ఆవిడే దిగి మూత తీస్తారు. తీసే ముందు ప్రతిసారీ కిటికీ దగ్గరకు వచ్చి, "నువ్వు దిగు నర్సయ్యా" అని తాళం చూపిస్తారు. అతను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంటాడు.